కలప, రాదు

మాటకు రూపాయి పావలా.
"అమ్మ"కైనా "ఆమ్లా"నికైనా అదే రేటు.
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, టైలరు అంగడి పైన
ఒంటి గదిలో కూర్చుని
కాస్టిక్ సోడాను తెలుగులోకి దించుతున్నాను.

పదహారు సెక్షన్ల కాగితం.
నాలుగోదాంట్లో ప్రథమ చికిత్స:
కంట్లో పడితే పదిహేను నిమిషాలు
పారే నీళ్లతో కడగాలి.
రాసినాను. తప్పేం లేదు.
కింద వీధి కొళాయి మాత్రం
రెండు రోజులకోసారి, అదీ అర్ధగంట,
బిందెల వరుసలో పోట్లాడితేనే.
ఆ సంగతి రాసేదానికి సెక్షన్ లేదు.

తర్వాత "ఉష్ణమోచక చర్య" అడ్డం పడింది.
ఇంటర్లో బట్టీ పట్టి
పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన మాట.
దాన్ని నమ్మలేక
మురకంబట్టు దాటి గుజ్జు ఫ్యాక్టరీకి పోయినాను.

జూన్ నెల. గేటు ముందర తోతాపురి ట్రాక్టర్లు
మైలు పొడుగునా,
చక్రాల నీడలో డ్రైవర్లు.
లోపల ట్యాంకులు కడిగే కుప్పమ్మ.
మోచేతి కింద నున్నటి తెల్ల మచ్చ, రాగి పైసంత.

"ఇదా? పోయినేడు.
బకెట్లో బిళ్లలేసి పైన నీళ్లు పోస్తి.
సున్నం ఉడికినట్ల ఉడికి ఎగిరె."

డబ్బా మీద రాసుంటుంది కదమ్మా?

"చూసినా సామీ. కలప అని ఉన్నింది.
కొయ్య సంగతి మనకెందుకులే అనుకొంటి."

డబ్బా తిప్పి చూసినాను.
నా పనే. రెండేళ్ల కిందటిది.
వెడల్పు చాలక ప్రెస్సువాళ్లు విరిచిన వాక్యం:
"పైనుంచి నీళ్లు కలప" ఈ పక్క,
అంచు తిరిగి, జిగురు మడత కింద
"రాదు" ఆ పక్క.

మన భాషలో కాదనడం చివర్న వస్తుంది.
ఇన్నాళ్లూ అది మర్యాద అనుకున్నాను.

అప్పుడే పనిలోకొచ్చిన కొత్తపిల్ల
యాసిడ్ క్యాను మూత మీద చెయ్యి వేసింది.
కుప్పమ్మ క్రియ కోసం ఆగలేదు.
"వద్దు!"
చెయ్యి గాల్లో నిలిచినాక
తక్కిన వాక్యం తీరుబడిగా నడిచొచ్చింది:
"...పాపా, తొడుగుల్లేకుండా దాన్ని ముట్టేది."

ఆ రాత్రి లేబుల్ తిరగరాసినాను.
"వద్దు" పైన, ఒంటరిగా, వేలెడంత.
దాని కింద:
సోడా మీద నీళ్లు పోయడం.
నీళ్లలోనే సోడా, కొంచెం కొంచెంగా.
సున్నంలా ఉడుకుతుంది.

"మూలంలో సున్నం లేదు" అని
ఎర్రగీత కొట్టి పంపినాడు తనిఖీ ఆయన.
మూడు ఉత్తరాలు రాసినాను.
సున్నం పోయింది, వద్దు మిగిలింది.
బిల్లులో రెండు మాటలు కోసినారు,
రెండున్నర రూపాయలు.

మొన్న ఆ దోవన పోతూ ఆగినాను.
కొత్తపిల్ల డబ్బా దగ్గరికి లాక్కుని
వేలు పెట్టి, పెదాలు కదుపుతూ
మొదటి మాట చదివింది.
లేచి, తొడుగులు వెతుక్కోను పోయింది.

తక్కిన నా అనువాదం
చదవనేలేదు.