ఫ్యాను శ్రుతి

నలభై రోజులు, లెక్కపెట్టి చెప్తున్న,
ఓరుగల్లు మొత్తం తుమ్మింది.
పోచమ్మమైదాన్ల ఆటోలు తుమ్మినయి.
మట్టెవాడ పెండ్లి బారాత్‌ల తాషా ఆగంగనే
పోరలందరు ఒక్కసారిగ "హాఛ్" అన్నరు.
ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసే ఎలగందుల సారంగం
మిర్చి ఘాటుకు తుమ్ముకుంట పాడిన పాట అది.
తొంబై మూడు ఎండకాలం. క్యాసెట్టు పదహారు రూపాయలు.
రికార్డు చేసింది నేనే,
స్టేషన్ రోడ్డుల, మెట్ల కింద, ఆరడుగుల కొట్టుల.

గోనెసంచితోని కోటు కుట్టించుకున్నడు.
గుండీలకు సోడామూతలు.
మెడల ఎండుమిరపకాయల దండ.
స్టేజి ఎక్కితే ముందు వరుస పెద్దమనుషులు
దస్తీలు తీసేది.
చాయ్ ఇస్తే చల్లారేదాక దాని దిక్కే చూసేటోడు,
"వేడిది తాగితే గొంతుకు మిత్తి కట్టాలె" అనేటోడు.
పిచ్చోడనుకున్నం.
పిచ్చోడనుకుంటేనే కదా టికెట్లు తెగినయి.

రికార్డింగ్ నాడు హార్మోనియం ఆయన రాలె.
"మరి శ్రుతి?" అన్న.
సారంగం పైకి చూసిండు.
సీలింగ్ ఫ్యాను గుయ్యిమంటున్నది.
"గిది చాలదా?" అని కండ్లు మూసుకున్నడు.
మూడో చరణంల వోల్టేజి పడ్డది, బల్బు ఎర్రబడ్డది,
ఈయన గొంతు జారింది.
టేపు బ్యాటరీల మీదున్నది కాబట్టి ఆగలె.
"శ్రుతి తప్పినవ్ సారంగన్నా" అన్న.
ఏమనలె. తుమ్మిండు.
అందరం నవ్వినం.

రెండో దిక్కు తుమ్ములు లేని పాట ఒకటి పాడిండు,
పదకొండు నిమిషాలు.
కాంటా కింద రాలిన తాలుకాయలు ఏరుకునే
ఒక ముసలవ్వ మీద.
"ఇదెవడు కొంటడే" అన్న.
ఎవడు కొనలె. నేను అమ్మితే కదా.
దాని మీదనే ఒక పెండ్లి బ్యాండు ఎక్కించిన.
ఖాళీ టేపు పన్నెండు రూపాయలు ఆ రోజుల్ల.

వానలు పడంగనే తుమ్ములు పాతబడ్డయి.
హన్మకొండల కోడికూతల పాటొకటి దిగింది.
సారంగం మళ్ళ బస్తాల కిందికి పోయిండు.
ఒకసారి కాజీపేట ప్లాట్‌ఫారం మీద
ఎవడో గుర్తుపట్టి "ఒక్క తుమ్మన్నా" అంటే
"సీజన్ కాదు బిడ్డా" అన్నడు.
నేను పేపరు అడ్డం పెట్టుకున్న.

మొన్న మేడమీద కిరాయికుండే వయొలిన్ పంతులమ్మ,
సుగుణక్క, ఆ టేపు విని మళ్ళ పెట్టుమన్నది.
మళ్ళ.
"ఆయన తప్పలేదండి.
ఎనుక గుయ్యిమంటున్నది చూడుండ్రి, అది దిగింది.
దానెంబడి దిగిండు. మెట్టు మెట్టు కాదు,
నూనె జారినట్టు.
తుమ్ము సుత తాళానికి ఇంత ఎనుక, కావాలనే.
నన్ను దిగుమంటే నాతోని కాదు."
ఎవరీయన అని అడిగింది.
మిర్చి హమాలీ అని చెప్పిన.
అది సుత సగం జవాబే అయింది.

ఆమె పోయినంక టేపు తిప్పిన.
బ్యాండు. బ్యాండు. పటాకులు. ఎవరిదో పెండ్లి,
ఇప్పుడు వాళ్ళ పిల్లలకు పిల్లలు పుట్టి ఉంటరు.
బ్యాండు అయిపోయినంక, చివర్ల,
నేను చెరపడం మరిచిన ముప్పై సెకండ్లు.
ముసలవ్వ లేదు దాంట్ల, మాట లేదు.
ఫ్యాను ఒక్కటే.
అంతల కరెంటు పోయినట్టున్నది,
రెక్కలు నెమ్మదయితున్నయి,
ఆ గుయ్యి ఎంబడి సారంగం,
నోరు మూసుకోని, సన్నగ, కిందికి,
ఇంకింత కిందికి

"కరెంటు పోయిందే, ఇగ ఆపు"
అని ఒక పడుచు గొంతు. నాదే.

ఆయన ఆపలె.
బటను చప్పుడు.