రేపటి చేపకి ఇవాళ్టి ఐసు

జువ్వలదిన్నెలో మా ఐసు ఫ్యాక్టరీకి
ముందు గేటు పచ్చరంగు, వెనక గేటు సముద్రం.
పద్దెనిమిదేళ్లు నేనక్కడ లెక్కలు రాశాను,
నీళ్లు గడ్డకట్టే లెక్క, డబ్బు కరిగే లెక్క.

ఓనరు శేషారత్నమ్మ.
భర్త పోయాక, ఆయన అప్పుతో సహా దిగింది దీంట్లోకి.
మొదటి రోజు నన్నడిగింది:
"డబ్బాలో పోసిన నీళ్లు దిమ్మె కావడానికి ఎంతసేపబ్బయా?"
ఒక పగలూ ఒక రాత్రీ, అన్నాను.
"అయితే రేపు పడే చేపకి
ఇవాళే నీళ్లు పోయాలన్నమాట"
అని ఉప్పు బస్తా మీద కూలబడింది.

ఆ బస్తానే ఆమె కుర్చీ అయింది.
శనివారం సాయంత్రం, ఐదు నించి ఆరు,
ఫోను నా చేతికిచ్చి
గళ్ల నోటుబుక్కుతో అక్కడ కూచునేది.
బేరగాళ్లొచ్చినా లేచేది కాదు.
లారీవాడు హారన్ కొట్టి కొట్టి పోయేవాడు.
"ఈ ఒక్క గంటా నాకు గిరాకీ లేదనుకో.
మిగతా వారమంతా అది నన్ను తోల్తానే ఉండాది."

ఏం రాస్తోందో ఒకసారి దొంగచాటుగా చూశాను.
కరెంటు పోతే?
ఉప్పు ధర పెరిగితే?
ఖాదర్ బాషా పోతే?
నా గుండెల్లో రాయి పడింది.
ఖాదరంటే మా కంప్రెసరు, కంప్రెసరంటే ఖాదరు.
పైపుకి చెవి ఆనిస్తే చాలు
అమ్మోనియా ఎక్కడ దగ్గుతోందో చెప్పేవాడు.
వారం తిరక్కముందే పోలయ్య కొడుకుని
అతని పక్కన నిలబెట్టింది, స్పానర్లు అందించమని.
ఒక పనికి రెండు జీతాలా అని నేను సణిగాను.
ఖాదర్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు,
ఆమెతో పోట్లాడలేక.

ఏప్రిల్ నడిమికి వేట బందు.
పక్క ఫ్యాక్టరీలవాళ్లు తాళాలేసుకుని
పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోతే
మా దగ్గర డబ్బాలకి మాట్లు, పైపులకి రంగు.
ఆమె బోటు బోటుకీ యజమాని ఇంటికెళ్లి
చాప మీద కూచుని మజ్జిగ తాగి
"జూన్లో మొదటి వేటకి నీకెన్ని దిమ్మెలు?" అనేది.
సముద్రాన్ని అడగమ్మా, అని నవ్వేవాళ్లు.
నవ్వుతానే ఒక అంకె చెప్పేవాళ్లు.

అన్నీ కుదిరాయని చెప్పను.
ఒక కార్తీకంలో వాయుగుండం మన మీదికేనన్నారు.
రెండు రోజుల ముందే నీళ్లు పోయడం ఆపించింది,
డబ్బాలు బోర్లించింది, డీజిలు నిలవేసింది.
అది దాకా వచ్చి, మా ఊరిని చూసి ఏమనుకుందో,
ఉత్తరానికి మళ్లింది.
తెల్లారి ఎండ. బోట్లన్నీ కదిలాయి.
కావలి నించి వేరేవాళ్ల ఐసు
మా గేటు ముందు నించే పోతా ఉంటే
కారిన నీళ్లు మా మెట్టు దాకా పాకాయి.
నేను తలెత్తలేదు.
ఆమె గేటు పట్టుకుని నిలబడి లారీలు లెక్కపెట్టింది.
పదకొండు.
ఆ శనివారం ఎర్ర ఇంకుతో రాసింది:
"మొత్తం ఆపాను. సగం ఆపాల్సింది."
కింద ఇంకేమీ లేదు.

ఖాదర్ కళ్లు మసకబారి పని మానుకున్న రోజు
కంప్రెసరు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.
పోతూ పోతూ పోలయ్య కొడుకు తల పట్టుకుని
చెవి పైపుకి ఆనించాడు.
"విను" అన్నాడు. అంతే,
తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

నేనూ మానుకునే రోజొచ్చింది.
పాత నోటుబుక్కొకటి చేతిలో పెట్టింది, శాలువా బదులు.
ఇంటికొచ్చి తిరగేశాను.
నెలకొక పేజీ ఖాళీ.
పైన మాత్రం ఆమె గుండ్రటి రాత: "నాకు తోచనిది".
కొన్నిట్లో తర్వాతెప్పుడో వేరే ఇంకుతో
ఒక తేదీ, ఒక ముక్క.
కొన్ని ఇంకా తెల్లగానే, దిమ్మెల్లాగ.

ఇప్పుడు నాదొక చిల్లర కొట్టు.
శనివారం ఐదింటికి షట్టరు సగం దించుతాను.
పెన్ను మూత తీస్తాను.
చాలాసేపు ఏమీ రాయను.
బయట ఎవరో వంగి చూసి సోడా అడుగుతారు.
ఆరింటికి రా, అంటాను.