మేకను మార్చాలి

నలభై ఏళ్లు మారిబోర్‌లో తాళాలు తీసినవాణ్ణి.
అర్ధరాత్రి ఫోన్ మోగితే,
తాళంచెవి లోపల మరిచి
చెప్పుల్లేకుండా మంచులో నిలబడ్డవాళ్ల దగ్గరికి
సైకిలు మీద వెళ్లినవాణ్ణి.
నా అలికిడికే తలుపులు మెత్తబడేవి.

ఆ నలభై ఏళ్లూ పదకొండు నోటుపుస్తకాలు:
ఏ ఇంటికి ఏ తాళం, చెవికి ఏ పన్ను ఎంత లోతు,
ఏ డాక్టరు రెండో చెవిని
భార్యకు తెలియకుండా చేయించుకున్నాడో.
చూపు మందగిస్తోందని
అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను.
ఒకరోజు అది,
ఇకమీదట నాకు మరమ్మతులు రావు, అని చెప్పేసింది.
అంటే ఊరి తాళాలన్నీ ఒళ్లో పెట్టుకుని
తడిక తలుపు ఇంట్లో కూర్చున్నానన్నమాట.

పై అంతస్తు నేడా, రాత్రి డ్యూటీ నర్సు,
"లైనక్స్ పెట్టుకో, ఆల్‌ఫోంజ్" అంది.
ఏ లైనక్స్?
వందలున్నాయట. పెళ్లిసంబంధాల్లా ఒక్కోటీ చూశాను.
ఫెడోరా టోపీ పేరు, నచ్చింది,
కానీ ఆరునెలలకోసారి ఇల్లు సర్దే రకం.
మింట్ నవ్వుతూ కుర్చీ వేసింది.
డెబియన్ మాత్రం నిదానస్తుడు,
కొత్తదంటే ఎగబడడు,
పగులు కనిపిస్తే పూడ్చందే నిద్రపోడు.
ఇనుముతో బతికినవాణ్ణి, అతన్నే ఒప్పుకున్నాను.

దించుకున్నది అసలుదేనా?
అరవైనాలుగు అక్షరాలు పోల్చాలి.
నేడా చదివింది, నేను వేలు పెట్టి చూశాను.
నలభైమూడో దానికి ఆమె ఆవులించింది.
మళ్లీ మొదటినుంచీ.
ఆ పని యంత్రమే చేస్తుందని
అంతా అయ్యాక గుర్తొచ్చింది ఆమెకు.

బయటి తలుపులన్నీ మూసెయ్ అన్నాను.
ఎన్నో తెలుసా అంది. అరవైఅయిదు వేల పైచిలుకు.
నా జన్మలో అన్ని తలుపులు ముట్టుకోలేదు.
ఒక్క వరుస ఆజ్ఞకు అన్నీ మూసుకున్నాయి.
కాస్త చిన్నతనమనిపించింది, దాచడమెందుకు.

యజమానిని నేనే. అయినా
ఏ పెద్ద పనికైనా నువ్వెవరని అడుగుతుంది.
జవాబు టైపు చేస్తుంటే తెరమీద చుక్కైనా పడదు,
చీకట్లో గొళ్లెం తడుముతున్నట్టు.

ఇక డిస్కుకి తాళం.
నేడా కొడుకు పాచికలు వేశాడు, ఆరు మాటలు పడ్డాయి.
ఒకదానికొకటి పొంతన లేని మాటలు.
రొట్టె కోస్తూ, మెట్లెక్కుతూ వల్లించాను.
పదిరోజులు బాగా తెరుచుకుంది.
ఆ ధైర్యంతో
పదకొండు నోటుపుస్తకాలూ పొయ్యిలో వేశాను.
అట్టలు కాలడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు తెరుచుకోలేదు.

ఆరు మాటలు. తప్పు. ఆరు మాటలు. తప్పు.
తాళం వేసితివి, గొళ్లెం మరిచితివి అంటారే,
నేను గొళ్లెం కూడా వేసి
నన్నే బయట మరిచాను.
పాత అలవాటుకొద్దీ దానికి చెవి ఆనించాను.
పన్ను లేదు, స్ప్రింగు లేదు,
మూలిగితే వినడానికి ఇనుమే లేదు.
ఇంత నిజాయితీ గల తాళాన్ని
నేనెన్నడూ అమ్మలేదు.
రెండు రోజులు ద్రావా ఒడ్డున తిరిగాను.
దారిలో ప్రతి గుమ్మాన్నీ దొంగలా చూశాను.

మూడో ఉదయం నేడా డ్యూటీ బట్టల్లోనే దిగింది.
"మొన్న ఏమైనా కదిపావా?"
భాషల పేజీలో ఏదో నొక్కాను.
"నీ మాటల్లో జెడ్ ఉందా?"
అది చెప్పకూడదు కదా.
"ఉందా, లేదా?"
... మేకలో ఉంది.

ఇంగ్లీషు వరసలో
వై, జెడ్ కుర్చీలు మార్చుకుంటాయట.
రెండు రోజులుగా నేను
మా భాషలో ఎక్కడా లేని జంతువును పిలుస్తున్నాను.
ఉన్న జెడ్‌లన్నిటికీ వై నొక్కాను.
తెరుచుకుంది, చప్పుడు లేకుండా.

నేడా పైకి వెళ్లి పడుకుంది.
నేను దుకాణానికెళ్లి రెండు డిస్కులు కొన్నాను,
ఒకటి మా చెల్లెలి బీరువాలో ఉంటుంది.
డాక్టరు గారి రెండో చెవి సంగతి చెరిపేశాను,
ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

సాయంత్రం టీ పెట్టుకున్నాక తోచింది:
మేక సంగతి నేడాకు తెలిసిపోయింది.
ఇప్పుడు మీక్కూడా.