తలకట్టు

బందరు రోడ్డు హోరు లోపలికి రాకుండా
తలుపు వేసే ఉద్యోగం నాది.
పంతొమ్మిదేళ్ళుగా మూడో గదిలో
అద్దాల మీద వేలిముద్రలు తుడుస్తున్నాను.

ఆ మంగళవారం సింగ్‌నగర్ బడి పిల్లలు,
వెంట మెహరున్నీసా టీచరు.
రాగిరేకుల దగ్గర ఆపి అడిగారు:
"ఇది అసలా, దొంగదా?"

పాతగా ఉందన్నాడొకడు.
రాజముద్ర ఉందిగా అన్నాడు ఇంకొకడు.
ఆమె చదివి చెప్పారు:
ఎవరో రాజు ఎవరికో ఊరిచ్చాడు,
తూర్పున వాగు, పడమర పుట్ట,
కాదన్నవాడు అరవైవేల ఏళ్ళు పెంటలో పురుగు.

"పదిమందికి పంపకపోతే కీడు అన్నట్టుంది టీచర్!"
సలోమి మాటకి గదంతా నవ్వింది.

భూతద్దం చేతికిచ్చారు టీచరు.
"రాజు సంగతి తర్వాత. అక్షరం తల చూడండి.
ఆయన కాలంలో తలకట్టు అడ్డగీత.
ఇలా టిక్కు కొట్టినట్టు లేచింది
మూడొందల ఏళ్ళ తర్వాత."

తాత దస్తావేజు మీద మనవడి తలపాగా!
నేను లేబులు తుడిచానే గాని చదవలేదు.

"మరి దొంగదాన్ని దాచడమెందుకు?"
"ఆ పొలం ఎవరికి కావలసొచ్చిందో
ఇదొక్కటే చెబుతుంది గనక."

అప్పుడు ఫోను తీశారు.
బుడమేరు మళ్ళీ తెగిందంటూ తిరిగిన వీడియో.
పిల్లలు భూతద్దం దానికీ పెట్టారు:
లారీ నంబరు మనది కాదు,
కొట్టు బోర్డు మీద మన లిపి కాదు,
జనం స్వెట్టర్లేసుకున్నారు.

సలోమి నవ్వడం మానేసింది.
"ఆ రాత్రి మా అమ్మ
నాయనమ్మని వీపునేసుకుని ఫ్లైఓవరెక్కింది.
నీళ్ళు రాలేదు.
తెల్లారి ఇంటికొస్తే గ్యాసుబండ లేదు."

స్టూలు మీద కూర్చున్నవాణ్ణి
కూర్చున్నట్టే ఉండిపోయాను.
దాన్ని పదకొండింటికి పంపినవాళ్ళలో నేనొకణ్ణి.
వీధి గ్రూపు, ఆఫీసు గ్రూపు, బావమరుదుల గ్రూపు.
మంచి చేస్తున్నాననే.
మూలన ఛానెల్ గుర్తు ఎర్రగా
రాజముద్రలాగే ఉంది మరి.

పిల్లలెళ్ళాక అద్దం తుడవలేదు.
ఆ వేలిముద్రల పక్కనే నిలబడి
ఒక్కో గ్రూపుకీ కొట్టాను:
"అది మన బుడమేరు కాదు. చూడకుండా పంపాను."

ఎవరూ ఏమీ అనలేదు.
ఒక బావమరిది మాత్రం దణ్ణం బొమ్మ పెట్టాడు.
మాట చివర ఒక్కొక్కటే
నీలం తలకట్లు
పడుతున్నాయి.