టేపు అవతలి కొస

సఫిల్‌గూడల మూడో అంతస్తు.
గోడలకు ఇంకా రంగు లేదు.
వంటింట్ల గ్రానైటు మాత్రం అప్పుడే
తడిసిన బర్రె వీపు లెక్క మెరుస్తున్నది.
టేపు ఒక కొస ఖయ్యూం ఉస్తాద్ చేతుల,
అవతలి కొస నా చేతుల.

నక్షాల ఒక్కటే బోర్డు గీసిండ్రు,
ఫ్రిజ్జు ఎన్క, మూలకు.
"ఈ సారు ఎన్నడన్న చట్నీ పట్టిండా?"
ఉస్తాద్ చెవి మీది పెన్సిలు తీసిండు.

"మిక్సీ వైరు ఎంతుంటది బేటా?"
నాకు తెల్వదు.
"రెండున్నర మూరలు. గుర్తువెట్టుకో.
బండ మీద నువ్వు యాడ నిలవడ్డా
రెండడుగులల్ల ప్లగ్గు అందాలె,
ఎడమకన్న, కుడికన్న.
గుంజితే అందే వైరు
ఏదో ఒకనాడు పొయ్యి మీదికెల్లి పోతది."

నాలుగడుగులకొక గీత గీసుకుంట వచ్చినం.
సింకు కాడ నేను టేపు సాగదీసిన.
నెత్తి మీద ఒక్కటిచ్చిండు.
"నీళ్ల మీదికెల్లి కొలుస్తరారా?
ఇక్కడికి ఆ లెక్క అయిపోయింది.
అవతల మళ్ల ఒకటి నుంచి."

వసుంధర మేడం ఆఫీసు కార్డు మెడల ఉండంగనే వచ్చింది.
"ఇడ్లి పిండి యాడ రుబ్బుతరమ్మా? జర చేసి చూపెట్టుండ్రి."
ఆమె నవ్వింది. మాదిక్కు చూసింది.
ఇగ నవ్వుడు ఆపి
లేని మిక్సీని బండ మీద పెట్టింది,
లేని మూతను
ఎడమచేత్తో అదిమి పట్టింది.

ఉస్తాద్ ఏం మాట్లాడలే.
అంగూఠాతోని గీత తుడిచి
జానెడు ఇవతల ఇంకోటి గీసిండు.

బోరబండల మా అర్రకు ఒక్కటే ప్లగ్గు.
ఫోను పెడితే కుక్కర్ ఆగాలె,
కుక్కర్ పెడితే పంక.
ఎక్స్‌టెన్షన్ డబ్బ బిందె మీద మొలకు ఏలాడుతది,
అమ్మ తడిచేతులు చీరకు తుడుసుకోని,
ఇంకోసారి తుడుసుకోని
అప్పుడు స్విచ్చేస్తది.

ఆ రాత్రి టేపు ఇంటికి తెచ్చిన.
ప్లగ్గు నుంచి పొయ్యి దాంక
పదకొండడుగుల మూడంగుళాలు.
"అమ్మా, జర నిలవడు" అన్న.
"పిచ్చిలేసిందారా" అనుకుంటనే
పప్పు గుత్తి చేతులవట్టుకోని నిలవడ్డది.
ఆమె మోచేతి ఎత్తుల గోడకు గీత గీసిన.

ఇంటాయన గోడ కొట్టనియ్యడు,
అడిగిన, రెండుసార్లు.

గీత అట్లనే ఉన్నది.
దాని కింద అమ్మ
ఈ నెల పాల లెక్క రాసుకుంటున్నది.