టక్కు

భూమేశ్, ఆ పసుపు బోర్డు నువ్వు చదవలేవు.
అరబ్బీల ఒక వరుస, ఉర్దూల ఒక వరుస,
నడుమ మెరుపు బొమ్మ.
తెలుగుల బోర్డును నేనే. ఇను.

ఆ డబ్బ టక్కు టక్కుమంటున్నది సూడు.
సెకనుకొక దెబ్బ, నడుమ సందు.
ఆ సందులనే మేక మూతి ఎనుకకు గుంజుకుంటది,
ఆ సందులనే నీ చెయ్యి ఊడొస్తది.
టక్కుమనుడు మాని గుయ్యిమంటే
దగ్గరికి పోకు, నన్ను లేపు.

పొద్దుగాల లేవంగనే
మూడు ఇనుప కడ్డీల కాడ బకెటెడు నీళ్లు గుమ్మరియ్యి.
ఎండిన ఇసుకల కరెంటు నడువది.
ఈ వఫ్రాల మన్నుకు గూడ
దూప తీరితెనే పని.

సముద్రం దిక్కు తేమగాలి కొట్టిన తెల్లారి
తెల్లగుండీల మీద ఉప్పు పేరుకుంటది, బందు వెట్టి తుడువు.
ముండ్లతీగను దీనికి కలుపకు,
సిక్కినోడు ఇడిపించుకోలేడు.
తీగ కింద తలకాయ వెట్టి దూరకు,
ఎంత తొందరున్నా గేటు దాకా నడువు.
టెస్టరు మొలకున్నది. ఏలు టెస్టరు గాదు.
శుక్రారం కఫీల్ కారు దుమ్ము కనవడంగనే బందు చెయ్యి,
ఆయన చిన్నబిడ్డ
మేకపిల్లలకు బిస్కెట్లు తినవెట్ట ఉరుకుతది.

ఇగ ఒక్కటి.
డబ్బ కాలిపోయినా,
మందంత ఎడారిల పడ్డా,
ముదీర్ నెత్తి మీద నిలవడి ఒర్రినా
గోడ ప్లగ్గు నుంచి సక్కగ తీగకు కరెంటియ్యకు.

ఎందుకంటవా.
మా మక్కచేన్ల అడివిపందులు వడ్తున్నయని
స్తంభానికి కొక్కెమేసి
బైండింగు వైరు సుట్టూ కట్టిన, నా చేతులతోనే.
అది టక్కుమనలే.
సప్పుడే లేదు దానికి, సందే లేదు.
పక్క చేను ముత్తెన్న
మోటరు బందువెట్ట ఒడ్డెమ్మటి వచ్చిండు.
సెల్లు లైటు
తెల్లారేదాక గడ్డిల ఎలుగుతనే ఉన్నదట.
పంది రాలే ఆ రాత్రి.

పంచాయతిల ఒప్పుకున్న పైసలకు
ఈడికొచ్చి తొమ్మిదేండ్లు.
పోయినేడు తీరినయి.
ముత్తెన్న పెండ్లాం కాగితం మీద ఏలిముద్రేసింది,
"ముట్టినయి" అన్నదట, అంతే.

షెడ్డుల పండుకుంటే ఇనవడ్తది నీకు గూడ.
కొత్తల నిద్ర రాదు.
నిద్ర రాలేదని బందు మాత్రం వెట్టకు తమ్మీ,
అది ఇనవడితెనే
నాకు కండ్లు మూతవడ్తయి.