ఆనినంత మేర

పధ్నాలుగు నెలల వాణ్ణి ఏమని అడగను,
ఏ వరుస దాకా ఆనుతోందని?
అక్షరం రాదు. వేలు చూపిస్తే వేలునే చూస్తాడు.

ఇన్నేళ్ళూ నేను
ఒక పక్క నల్లచారలున్న బూడిదరంగు అట్టలు పట్టుకుని
నడుమ బెజ్జంలోంచి ఎదుటి కళ్ళను తొంగిచూసేదాన్ని.
చారల వైపు తిరిగాయా, లేదా?
తిరిగాయనే అనిపించేది,
ముఖ్యంగా తల్లి నావైపు అలా చూస్తున్నప్పుడు.

ఇప్పుడు తెర కింద సన్నటి కెమెరా ఉంది.
మనకు కనిపించని వెలుగు చల్లి
కంటిపాప ఎటు కదిలితే అటు పోతుంది.
దానికి మొహమాటం లేదు.

తార్తులో జనవరి. నాలుగింటికే చీకటి.
బస్సు నడిపే మారికా డ్యూటీ దిగి నేరుగా వచ్చింది,
ఒళ్ళో తావి.
యంత్రం మూడు కళ్ళున్నాయంది.
అద్దం తుడిచాను. మళ్ళీ మూడే.
మారికా భయంభయంగా నవ్వింది.
వెతగ్గా వెతగ్గా దొరికింది:
ఆమె కోటు జేబుకు దారంతో వేలాడే చేపబిళ్ళ,
కార్ల దీపాలకు మెరవాలని
చలికాలమంతా ఇక్కడ అందరం కట్టుకునేది.
కోటు విప్పించాను.
మూడో కన్ను కొక్కేనికెక్కింది.

ఎడమకంటికి పట్టీ. వాడు పట్టించుకోలేదు.
తెర మీద ఎర్రచుక్క, అదే తావి చూపు.
చారలు ఎటుంటే చుక్క అటు గెంతింది.
సన్నబడ్డాయి. గెంతింది.
దువ్వెన పళ్ళంత. గెంతింది.
ఆ తర్వాత చారలు బూడిదలో కలిసిపోయాయి కాబోలు,
పనిలేనివాడిలా తెరంతా తిరిగింది.

పట్టీ కుడికంటికి మార్చాను.
ఏడుపు.
జిగురు మండుతోందేమో, అంది మారికా.
అదే జిగురు. మొదటి కంటికి మండలేదు.
ఏడుపుకీ ఏడుపుకీ మధ్య
వాడు ఊపిరి తీసుకునేంత సేపు చాలు యంత్రానికి.
వేలెడు చారలకు చుక్క మెల్లగా కదిలింది.
తర్వాతి వాటికి
ఉన్నచోటే ఉండిపోయింది.

నేను చెప్పకముందే ఆమె తెర చూసింది.
"ఆ కంటికి నేను కనిపించనా?"
కనిపిస్తావు, అన్నాను. నీ ముఖం వెడల్పాటి చార.
నీ రెప్పల వెంట్రుకలే ఆనవు,
ఇప్పటికి.

ఆ చివరి మాట యంత్రం చెప్పింది కాదు.

కళ్ళజోడు రాసిచ్చాను.
రోజూ రెండు గంటలు బాగున్న కన్ను మూసి
బాగులేని దానికి పని చెప్పమన్నాను.
"డిపోలో కొత్తవాళ్ళకీ ఇంతే,
మంచు రూటే ముందిస్తాం," అంటూ
ముక్కు తుడుచుకుని, వాడి ముక్కూ తుడిచి,
కోటు తొడుక్కుంది. చేప ఊగింది.
తావి దాన్ని పట్టుకోబోయి, పక్కనున్న గాలిని పట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక
ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, ఊరికే.
తెర మీద చారల్లేవు, బొమ్మల్లేవు.
ఎర్రచుక్క మాత్రం
తలుపు వైపు అంచున
చాలాసేపు ఆగింది.